ప్రభుత్వసాయముతో బ్రదుకు కాపురమునకు ఇల్లు కిరాయికీయదగునా?

ఇల్లు కట్టి చూడుమని పెద్దలు సామెత చెప్పిరి. కట్టిన యింటిని కిరాయికిచ్చి చూడుమని కూడ చెప్పియుండినచో ఆ సామెత మరింత నిండుగా నుండెడిది. ఇటుక, సిమెంటు, మేస్త్రీలతోడి బాధ యొక యేడాదితో తీరును. ఇంటిలో నెవరిని దింపవలెనను చింత మాత్రము గేటునకు బోర్డు కట్టిన ప్రతిసారియు మరల మొదలగును. ఈ చింత మగవారికంటె ఆడువారికే యెక్కువ. మగవారు పగలు నౌకరికి పోవుదురు. నీటిమోటారు, మెట్లమీది చెప్పులు, వాకిటి చెత్త, నడిరేయి గేటు చప్పుడు, ఇవి యన్నియు ఇంటిపట్టున నుండు ఇల్లాలి పాలివి. కావున ఈ మాటను సోదరీమణులతోనే ముచ్చటింపదలచితిమి.

ఉప్పలు దాటి వరంగల్లు త్రోవను పోవువారికి బోడుప్పలు, పీర్జాదిగూడ, మేడిపల్లి గడచిన పిమ్మట మా నారపల్లి వచ్చును. 2017 నవంబరులో నాగోలునుండి ఉప్పలుమీదుగా మెట్రోరైలు నడువసాగినది. ఒకప్రక్క పోచారమున ఇన్ఫోసిస్ వారి కార్యాలయములు, మరియొకప్రక్క ఘటకేసరు వద్ద ఔటరు రింగురోడ్డు, నడుమ ఇంజనీరింగు కళాశాలలు. ఉప్పలునుండి నారపల్లివరకు 2018లో మొదలిడిన పైవంతెన పని ఏండ్ల తరబడి సాగి, దుమ్ముతోను గుంతలతోను జనులను వేపుకొనితిన్నను, ఇండ్లు లేచుట మాత్రము నిలువలేదు. ఉద్యోగవిరమణనాడు వచ్చిన సొమ్ముతో ఒకరు, ఊరిలోని పొలమమ్మి యొకరు, కొడుకు అమెరికానుండి పంపిన డాలర్లతో నొకరు, బ్యాంకు అప్పుతో ననేకులు, క్రింద తాముండి పైన రెండు వాటాలు వేసికొనిరి. నిన్నటిదాక కిరాయిదారులైనవారు నేడు యజమానులైరి. అలవాటులేని పెత్తనము గనుక భయము హెచ్చు.

ఈ కొత్త యజమానురాండ్రను మిగుల తికమకపెట్టు ప్రశ్న యొకటి కలదు. గేటువద్ద నిలిచిన కాపురము ప్రభుత్వపు సాయముపై ఆధారపడినదని తెలిసినప్పుడు వారికి వాటా నీయవచ్చునా? పింఛనుతో గడుపుకొను వితంతువు, రేషనుకార్డు గల కూలికుటుంబము, ఇందిరమ్మ ఇల్లు కట్టుకొనుచు అది ముగియువరకు తలదాచుకొన వచ్చినవారు, తుదకు పిల్లలబడికై గది యడుగవచ్చిన అంగన్‌వాడి టీచరు, వీరందరును ఏదో యొకరీతిని సర్కారు చేయూత పట్టుకొని నడచువారే. “అట్టివారా? ఇల్లు ఖాళీ లేదమ్మా” అని బోర్డు వ్రేలాడుచుండగనే తలుపు వేయుట మన వీధులలో వింత కాదు.

ముందుగా నొక మాట తేల్చుకొందము. సర్కారు సొమ్ముతో కిరాయి కట్టువారిని మనము నిజముగా వద్దనుచున్నామా? గేటువద్ద వినబడు మొదటి ప్రశ్న యేమి? “మీ సారు ఏం నౌకరి చేస్తడమ్మా?” అని గదా! గవర్నమెంటు నౌకరి యని విన్నంతనే యజమానురాలి ముఖము వికసించును. మా వారు ఉపాధ్యాయులు. మేము చాలకాలము కిరాయి యిండ్లలో కాపురము చేసితిమి. పంతులుగారని, నెలజీతమని, మాకు దొరకని యిల్లు లేదు. కాని మేము కట్టిన కిరాయి యెచ్చటిది? ప్రభుత్వోద్యోగి జీతములో ఇంటి అద్దె భత్యమని వేరుగా నొక పద్దు కలదు. తెలంగాణములో 2021లో అమలైన వేతనసవరణ ప్రకారము హైదరాబాదు నగరమున అది మూలవేతనములో నూటికి 24 వంతులు. మూలవేతనము 40,000 రూపాయలైన ఉద్యోగికి ఇంటికొరకై సర్కారిచ్చునది నెలకు 9,600 రూపాయలన్నమాట. ఇది ప్రభుత్వసాయము గాక మరేమి? పంతులుగారి చేతికి వచ్చినప్పుడు దానికి భత్యమని పేరు, వితంతువు చేతికి వచ్చినప్పుడు దానికి సాయమని పేరు. ఒకదానికి తలుపు తీయుదుము, రెండవదానికి మూయుదుము. కావున మన భయము సర్కారు సొమ్మును గూర్చినది కాదు, పేదరికమును గూర్చినది. ఈ సంగతి యెరిగి ఆలోచించినచో త్రోవ తేటపడును.

ఈ ప్రశ్న మన వీధిదే కాదు. అమెరికాదేశమున 1974లో చేసిన శాసనముననుసరించి పేదకుటుంబములకు కిరాయి సాయము కలదు; దానిని అచ్చటివారు సెక్షను ఎనిమిది అందురు. కుటుంబము తన రాబడిలో సుమారు నూటికి 30 వంతులు కిరాయి క్రింద కట్టుకొనగా, తక్కినది స్థానిక గృహసంస్థ నేరుగా యజమానికే పంపును. ఇంటిని ముందుగా తనిఖీ చేయుదురు. నీరు, విద్యుత్తు, కిటికీలు, తాళములు సరిగానుండవలెను. ఈ సాయమున్నదను కారణముతో ఇల్లు నిరాకరింపరాదని న్యూజెర్సీ రాష్ట్రమున చట్టము కలదు. కాలిఫోర్నియాలో 2020 జనవరినుండియు, ఇల్లినాయిసులో 2023 జనవరినుండియు అట్టి చట్టమే అమలునకు వచ్చెను. టెక్సాసుది వేరు దారి. అచ్చటి ఆస్టిన్ నగరము 2014లో అట్టి నిబంధన చేయగా, మరుసటియేడు ఏ నగరమును యజమానుల నట్లు నిర్బంధింపరాదని రాష్ట్రశాసనసభ అడ్డుకట్ట వేసెను. నారపల్లిలో తల్లిదండ్రులకు పై అంతస్తు వేయించి యిచ్చిన కొడుకులు, కోడండ్రు ఆ దేశమున గూడ రెండవ యిల్లు కొని కిరాయికిచ్చుచున్నారు. తల్లికిచ్చట వచ్చిన సందేహమే కొడుకునకచ్చట వచ్చుచున్నదన్నమాట.

మన దేశమున కిరాయిలో ఇంతభాగము మేము కట్టెదమని పేదకుటుంబమునకు ప్రభుత్వము చీటీ వ్రాసియిచ్చు ఏర్పాటు సాధారణముగా లేదు. ఇచ్చట సాయము కిరాయి పేరుతో రాదు, ఇతర ఖర్చులను తగ్గించు రూపమున వచ్చును. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణములో ఆడువారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులలో ఉచితప్రయాణము కల్పింపబడెను. 2024 మార్చినుండి గృహజ్యోతి పథకము క్రింద రేషనుకార్డు గల కుటుంబములకు నెలకు 200 యూనిట్లవరకు విద్యుత్తు ఉచితమాయెను. 2025 ఉగాదినాడు ఆరంభించి రేషను దుకాణములలో తలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా నీయసాగిరి. 2014లో 1,000 రూపాయలతో మొదలైన ఆసరా పింఛను 2019లో వృద్ధులకు, వితంతువులకు, 2017నుండి చేర్చబడిన ఒంటరి స్త్రీలకు 2,016 రూపాయలాయెను.

ఇవి ఇంటికి సంబంధించిన సాయములు కావనుకొనవచ్చును. కాని ఇల్లాలి లెక్కలో అవియే ఇంటి సాయములు. నాచారములోనో ఉప్పలులోనో కార్ఖానాలో పనిచేయు స్త్రీని తలచుకొనుడు. ఆ కార్ఖానా ప్రక్కనే ఇల్లు తీసికొనవలెనన్న కిరాయి హెచ్చు. నారపల్లిలో కిరాయి కొంత తక్కువ. ఇంతకుముందు ఆ తగ్గినది బస్సు చార్జీలు తినివేసెడివి. ఇప్పుడు ఆ ఖర్చు లేదు. బియ్యము ఖర్చు తగ్గినది, కరెంటు బిల్లు లేదు. మిగిలిన ఆ రూపాయలే నెల మొదటివారమున యజమానురాలి చేతికి కిరాయిగా వచ్చునవి. సాయము పొందు కాపురము కిరాయి కట్టలేదని జడియుట కంటె, సాయమున్నది గనుకనే కట్టగలదని ఎంచుట యుక్తము. పనియందొక నెల నాగా పడినను ఆ ఇంట బియ్యము నిండుకొనదు, దీపము మలగదు.

అయినను యజమానురాలి భయములు వట్టివని మేమనము. ఆమె కిచ్చట నిజముగా పోగొట్టుకొనదగినది కలదు. పై వాటాల కిరాయితోనే బ్యాంకు కిస్తు కట్టుకొను ఇండ్లెన్ని లేవు! ఆ కిరాయి రెండు నెలలు నిలిచినచో మెడలోనిది బ్యాంకునకు పోవును. కావున భయములను ఒక్కొక్కటిగా విప్పి చూతము.

మొదటి భయము, కిరాయి సమయమునకు రాదని. పింఛను, కూలి, జీతము ఏ తేదీని చేతికి వచ్చునో అడిగి తెలిసికొని, ఆ తరువాత రెండు మూడు దినములకు గడువు పెట్టినచో సగము తగవులుండవు. ఐదవ తేదీ యని మనమే పట్టుపట్టి, పదవ తేదీకి డబ్బు వచ్చు మనిషిని ప్రతినెలయు తప్పుచేసినదానివలె నిలువబెట్టుటవలన మనకు లాభము లేదు. పింఛను ఒక్కదానితోనే కిరాయి కట్టగలుగుట అసాధ్యమను సంగతియు మరువరాదు. కొడుకు పంపునదో, తాను నాలుగిండ్ల పని చేయునదో, మిషను కుట్టునదో, తోడు రాబడి యేమున్నదని అడుగవలెను. ఆ ప్రశ్న పంతులుగారిని అడుగుదము గదా! అదే ప్రశ్న, అదే గొంతుతో అడిగినచో అవమానము కాదు.

ఇచ్చట చిన్న లెక్క యొకటి చెప్పెదము. 8,000 రూపాయల వాటాను ఎనిమిది వేలకే ఇయ్యవలెనని, నచ్చిన నౌకరివారే రావలెనని, రెండు నెలలు ఖాళీగానుంచినచో పోవునది 16,000. వచ్చిన పేదకాపురమునకు 500 తగ్గించి యిచ్చినచో ఏడాదికి పోవునది 6,000 మాత్రమే. తలుపు మూసి కాపాడుకొన్నామని తలచునది పలుమారులు తలుపు మూసినందుననే పోవుచుండును.

రెండవ భయము, ఒకసారి దిగినవారు కదలరనియు, కార్డులమీద మన యింటి చిరునామా ఎక్కినచో ఇంటిమీద హక్కు చెప్పుదురనియు. గృహజ్యోతి వచ్చిననాడు ఈ భయము మిక్కుటమాయెను. ఆ పథకము కిరాయిదారులకును వర్తించును. కాని రేషనుకార్డు సంఖ్యను ఇంటి మీటరు సంఖ్యతో జతపరుపవలెను. “నా మీటరునకు నీ కార్డా?” యని కొందరు యజమానులు బెదరిరి. మీటరు యజమాని పేరనే యుండును, ఇల్లు యజమాని పేరనే యుండును. జతచేసినది బిల్లు మాఫీకొరకే గాని హక్కుకొరకు గాదు. యజమానివలన ఇంటిలో దిగిన కిరాయిదారు ఆ కాపురమున నుండగా యజమాని హక్కునే కాదనజాలడని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పెను. 2024 జూలైలో దాని స్థానమున వచ్చిన కొత్తచట్టమునను ఆ నియమమే నిలిచినది. మీ హక్కును కాపాడునది కిరాయిదారు కార్డును అడ్డగించుట గాదు, మీ చేతిలోని ఒప్పందపత్రము.

ఒప్పందపత్రమనగా భయపడవలసినది లేదు. ఏడాదికి మించిన కిరాయిపత్రమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టముప్రకారము రిజిస్టరు చేయింపవలెను. అందువలననే జనులు పదునొకండు నెలలకు వ్రాసికొందురు. అందు కిరాయి యెంత, ఏ తేదీకి, ముందుగా ఇచ్చిన సొమ్మెంత, నీటిఖర్చెవరిది, వెళ్లదలచినచో ఎన్నాళ్లు ముందు చెప్పవలెను అను సంగతులు తేటగా నుండవలెను. నివాసగృహములకు ముందస్తు సొమ్ము రెండు నెలల కిరాయికి మించరాదని 2021లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన నమూనా అద్దెచట్టము సూచించెను. పేదకాపురమును ఆరు నెలల సొమ్ము ముందుగా తెమ్మనుట వద్దని చెప్పుటకు మరియొక పేరు. చెల్లించిన ప్రతినెలకును రసీదిచ్చుట యజమానురాలికిని మేలే. ఆరవ నెలలో లెక్క తప్పదు.

మూడవ భయమును ఎవరును బయటికి చెప్పరు. ఇరుగుపొరుగు ఏమందురో, ఎట్టివారిని దింపితిమని నవ్వుదురో యను జంకది. ఈ జంకులో పేదరికమొక్కటే లేదు. ఏ కులము, ఏ మతము, ఏమి వండుకొందురు, మగదిక్కున్నదా లేదా యను ప్రశ్నలన్నియు దానివెనుక దాగియుండును. మగదిక్కు లేని స్త్రీకి పింఛనిచ్చి నిలువబెట్టుటకు సర్కారు ముందునకు వచ్చినది. ఆ మగదిక్కు లేదనియే మనము గేటు వేయుచున్నాము. ఆడువారమైన మనమే ఈ పని చేయుట తగునా? దీనిని గూర్చి యెవరును మనలను శాసింపనక్కరలేదు, మన మనస్సు చాలును.

భారతకథలో ఏకచక్రపురము మనకు తెలిసినదే. లక్కయిల్లు తప్పించుకొనివచ్చిన కుంతీదేవి అయిదుగురు కొడుకులతో నొక పేదబ్రాహ్మణుని యింట తలదాచుకొనెను. కొడుకులు భిక్షమెత్తి తెచ్చినది పంచుకొని తినుటయే వారి బ్రదుకు. ఆ గృహస్థు వారి రాబడి యేమని అడిగి వెళ్లగొట్టియుండినచో, బకాసురునికి ఆహారముగా మనిషిని పంపవలసిన వంతు ఆ యింటికి వచ్చిననాడు దిక్కెవరు? ఆ గండము గడిపినది ఆ భిక్షాన్నపు కాపురమే. విరాటుని యింట సైరంధ్రిని చేర్చుకొన్న సుదేష్ణయో, మొదట సంకోచించెను. వచ్చినామె తన నియమములు చెప్పెను. ఇరువురును మాట కుదిరినపిమ్మటనే కొలువాయెను. మొదటి కథ తలుపు తీయుమని చెప్పును. రెండవది మాట తేల్చుకొని తీయుమని చెప్పును. కొత్త యజమానురాలికి రెండును కావలసినవే.

ఇంతవరకు చెప్పినది సర్కారు సొమ్ము కిరాయిదారు చేతికి వచ్చి, అచ్చటినుండి మనకు వచ్చు సందర్భము. సర్కారే కిరాయిదారైనప్పుడు సంగతి వేరు. తెలంగాణములో అంగన్‌వాడి కేంద్రములు సుమారు 35,700 కలవు. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద ఇవి వెలసినవి. గర్భిణులకు, బాలింతలకు 2015నుండి ఆరోగ్యలక్ష్మి పేరున ఒకపూట నిండుభోజనము పెట్టునవి యివియే. నగరమున స్థలము దొరకక వీనిలో ననేకము కిరాయి గదులలో నడచును. గురుకుల పాఠశాలలలోను, వసతిగృహములలోను అనేకము అట్టివే. ఇచ్చట కిరాయి పత్రము సర్కారుది, పద్దు సర్కారుది, ఆలస్యమును సర్కారుదే.

ఆ ఆలస్యమెంత దూరము పోగలదో 2024 అక్టోబరులో చూచితిమి. దసరా సెలవులు ముగిసి పిల్లలు పెట్టెబేడలతో తిరిగివచ్చుసరికి రాష్ట్రమున పలుచోట్ల గురుకులముల గేట్లకు యజమానులు తాళములు వేసియుండిరి. నెలల తరబడి కిరాయి రాలేదని వారి మొర. తాళములు తీయుడు, లేనిచో కేసులు తప్పవని ప్రభుత్వము హెచ్చరించెను. బకాయిలు చెల్లింతుమనియు చెప్పెను. తప్పెవరిదని అడిగిన, అప్పుతో భవనము కట్టి కిస్తు కట్టలేక నలిగిన యజమానిని ఒక్కమాటతో దోషి యనలేము. చెప్పిన కిరాయి చెప్పిన నెలలో ఈయని పెద్దయింటిది మొదటి తప్పు. కాని రోడ్డుమీద పెట్టెలపై కూర్చున్న ఆడపిల్లలు ఎవరికి బాకీ పడిరి? అంగన్‌వాడి కిరాయి నిలిచిపోయినప్పుడు టీచర్లు తమ చిన్నజీతమునుండి కట్టుచున్నారని పత్రికలలో పలుమారులు చదివితిమి. ఆ టీచరును మనమెట్లు బాకీదారునిగా చూడగలము?

కావున సర్కారే కిరాయిదారుగా వచ్చినచో మా సలహా యిది. మొదట మీ యింటి లెక్క చూచికొనుడు. ఆరు నెలలు ఆ కిరాయి రాకున్నను మీ పొయ్యి, మీ కిస్తు ఆగవను ధైర్యమున్నదా? ఉన్నచో సంతోషముగా నిండు. పసిపిల్లల కేరింతలు ఏ యింటికిని కీడు చేయవు, మీ గది ఎప్పుడును ఖాళీ యుండదు. ధైర్యము లేనిచో ముందే వినయముగా లేదనుడు. అది పాపము కాదు, పిరికితనమును కాదు. దించుకొని పిదప గేటునకు తాళము వేయుటకంటె దించకుండుట మేలు. ఇచ్చినచో పత్రము టీచరు పేరున గాక ఆ శాఖ ప్రాజెక్టు అధికారి పేరున వ్రాయించుకొనుడు. ఇంతకుముందు ఆ శాఖకు గదులిచ్చిన యజమానులను, కిరాయి ఎన్ని నెలలకొకమారు వచ్చునో కనుగొనుడు. బకాయి పెరిగినచో అర్జీలు వ్రాతమూలముగా అధికారికే పెట్టుడు. నలుగురు యజమానులు కలిసి పెట్టిన అర్జీ తాళముకంటె బలమైనది.

ఇందిరమ్మ యిల్లు కట్టుకొనువారి సంగతియు నొకటి చెప్పవలెను. 2024 మార్చిలో మొదలైన ఆ పథకము క్రింద సొంతస్థలమున్న పేదలకు ఇంటికై 5 లక్షల రూపాయలు, పని సాగినకొలది విడతలుగా నిత్తురు; ఇల్లు ఇల్లాలి పేరనే మంజూరగును. పాతగుడిసె తీసివేసి పునాది వేసినది మొదలు కప్పు పడువరకు ఆ కుటుంబము ఎక్కడనో యొకచోట ఉండవలెను గదా! వీరికంటె మంచి కిరాయిదారు ఉండడని మా నమ్మకము. వారు కదలరను భయమే లేదు. వారి కన్ను ఎప్పుడును తమ కొత్తగడపమీదనే యుండును. పని ఆలస్యమైనచో మూడు నెలలు పొడిగించుటకు ఒప్పందములోనే చోటుంచినచో చాలును.

ఇక సాయమును మనమే మ్రింగకుండుట ముఖ్యమైన సంగతి. రెండు మూడు వాటాలకు ఒకే మీటరున్న యింట వాడకమంతయు కలిసి 200 యూనిట్లు దాటును. అప్పుడు మాఫీ యెవరికిని దక్కదు. వాటాకొక మీటరు పెట్టించుట ఆరంభమున ఖర్చే యైనను కిరాయిదారుకు ప్రతినెలయు మిగులు, యజమానురాలికి ప్రతినెలయు తగవు లేకుండుట దానివలన కలుగు ఫలము. మీటరునకు సున్న బిల్లు వచ్చుచుండగా, యూనిటునకింతయని కిరాయిదారునొద్ద వసూలు చేయుట మాత్రము దీపము క్రింది చీకటి. అట్లే వారికి బియ్యము వచ్చుచున్నది, బస్సు ఉచితము, కావున కిరాయి పెంచుదమని తలచుటయు న్యాయము కాదు. ఆ సాయము వారి పిల్లల పలకకు, పాలకు, మందులకు ఈయబడినది. దానిని మన గోడలు పీల్చుకొనరాదు.

కిరాయిదారు సోదరీమణులకును రెండు మాటలు. సాయము పొందుట సిగ్గుపడదగినది కాదు గనుక దాచవద్దు. ఎన్ని రాబడులున్నవో, ఏ తేదీని వచ్చునో యజమానురాలితో ముందే చెప్పుడు. కిరాయి ఆలస్యమగునని తెలిసిన దినముననే చెప్పుడు, గడువు దాటినపిమ్మట కాదు. ఇంటిలో ఇంతమందిమని చెప్పి అంతకు రెట్టింపు దింపవద్దు. నారపల్లి బోరుబావులకు వేసవిలో ఊపిరి తక్కువని మీకును తెలియును. నమ్మి తలుపు తీసిన యొక్క యజమానురాలికి మీరు చేసిన మేలు, మీ వెనుక ఆ వీధికి వచ్చు పదికాపురములకు తలుపు తీయించును.

కనుక మా తీర్పిది. రాబడి యెచ్చటినుండి వచ్చుననునది ఇల్లు నిరాకరించుటకు కారణము కారాదు; రాబడి చాలునా, మనిషి మాటమీద నిలుచునా యనునవే విచారింపవలసినవి. ఈ రెంటిని సర్కారునౌకరిని ఎట్లు విచారింతుమో పింఛనుదారును అట్లే విచారింతము. సర్కారే కిరాయిదారైనచో ఆలస్యమును ముందే లెక్కలో వేసికొందము. ఏ పక్షమునైనను పెద్దల బాకీని పసివారిమీదను, పేదలమీదను రాబట్టకుందము.

కొత్తగా ఇల్లు కట్టుకొన్న సోదరీ! గృహప్రవేశమునాడు పాలు పొంగించి, ఈ యింట దీపము మలగకుండుగాక యని మ్రొక్కితివి గదా! పై వాటాలోని దీపమును ఆ యింటి దీపమే.